పంచె మీద ఆరేసిన ప్లాస్టిక్

1990లో ఒక ఉదయం బ్రిస్బేన్‌లో మా పెరట్లో ఉన్నవి: నేను, నా పాత పంచె, దాని మీద ఎండుతున్న పన్నెండు పలుచటి బిళ్లలు.

మొక్కజొన్న పిండి, నీళ్లు, గ్లిజరిన్ కలిపి ఉడికించి నేను చేసిన ప్లాస్టిక్ అది. మర్నాడు యూనివర్సిటీలో మట్టిలో పాతి, ఆరు వారాల్లో కలిసిపోతుందని చూపిస్తేనే నా స్కాలర్‌షిప్ నిలుస్తుంది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పంచె ఖాళీ. లోపల ఇంటి ఓనర్లు సరోజ ఆంటీ, అంకుల్ భోంచేస్తున్నారు.

"నీ వడియాలు వేయించాను బాబూ. ఉప్పు మరిచావు," అన్నారు ఆంటీ.

"అవి ప్లాస్టిక్, ఆంటీ."

అంకుల్ నమలడం ఆపి, కాసేపు ఆలోచించి, "పప్పులోకి బానే ఉంది," అని మళ్లీ మొదలుపెట్టారు.

తప్పు నాదే. పంచె మీద ఎండబెడితే ఏ తెలుగింట్లోనైనా అవి వడియాలే.

ప్రొఫెసర్‌ని బతిమాలి ఇంకో నెల గడువు తెచ్చుకున్నాను. ఫారంలో 'నమూనా కనుమరుగవడానికి పట్టిన కాలం' అన్నచోట, ఆంటీని అడిగి నిజమే రాశాను: పదకొండు నిమిషాలు.