కిరాయి ఇంట్లో బాపు మంచం

జనగామలో మేం కిరాయికి దిగిన ఇంటికి రెండు తాళంచెవులు ఉండేవి. ఒకటి మాకిచ్చి రెండోది ఓనరు తన దగ్గరే పెట్టుకున్నాడు. "ఇల్లన్నంక ఏదో ఒకటి ఉంటది చెల్లె. మీరిద్దరు డ్యూటీలకు పోతరు. నల్లా పలిగినా, వైర్లు కాలినా చూసుకోవాలె గద" అన్నాడు. మాకూ సబబే అనిపించింది. మాట మీద తీసుకున్న ఇల్లు అది. ఓనరు ఎప్పుడు లోపలికి రావచ్చు, ఎప్పుడు రాకూడదు అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను బస్సు కండక్టర్ని. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడుపుతాడు, ఆదివారాలు వచ్చిపోతాడు. ఓనరుకు ఎరువుల దుకాణం ఉంది. పైన వాళ్ళుంటారు, కింద రెండు గదుల్లో మేము. మా దగ్గర వరసలు కలుపుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మొదటి రోజే ఆయన నాకు అన్న అయ్యాడు, ఆయన భార్య వదినె అయింది.

మొదటి ఏడాది ఆయన లోపలికి వచ్చిపోయిన సంగతి ఇంట్లో సామాన్లను చూస్తే తెలిసేది. డ్యూటీ దిగి వచ్చేసరికి కారుతున్న నల్లాకు కొత్త వాషరు పడి ఉండేది. గోడకు నేను కొట్టిన మేకు పీకి, క్యాలెండరుతో పాటు మంచం మీద పెట్టి పోయేవాడు. చెమ్మ ఎక్కిందేమోనని బీరువా జరిపితే బండల మీద గీతలు పడేవి. ఒకరోజు పొయ్యి మీది గిన్నె మూత కొంచెం పక్కకు జరిగి ఉంది. నేనేం వండానో చూశాడా, నేనే సరిగ్గా పెట్టలేదా అని ఎంత ఆలోచించినా తేలలేదు. ఫోన్లో మా ఆయనకు చెబితే, "ఇల్లు వాళ్ళది. మంచిగనే చూసుకుంటున్నరు గద, ఊకో" అన్నాడు. ఊరుకున్నాను. కానీ ఆ రోజు నుంచి బీరువాకు తాళం వేసి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

ఆ తర్వాత బాపు వచ్చాడు.

మా బాపుది నెల్లికుదురు దగ్గర పల్లె. అమ్మ పోయాక ఒక్కడే వండుకు తింటూ, ఉన్న కాస్త పొలం చేసుకునేవాడు. ఆ వానాకాలం ఆయనకు రెండు కిడ్నీలూ చెడిపోయాయని తేలింది. అప్పుడే నానిన మట్టిగోడ కూలి ఇల్లు కూడా పనికిరాకుండా పోయింది. జనగామ దవాఖానలో డయాలసిస్ చేస్తారు కాబట్టి నా దగ్గరికి తెచ్చుకున్నాను. ముందుగదిలో కిటికీ కింద మంచం వేశాను. ఓనరుకు ముందుగానే చెప్పాను. "బాపును చూసుకోక ఎవల్ని చూసుకుంటవు చెల్లె, తీస్కరా" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను.

మొదట్లో ఆయన వస్తే బాపుకు సంబరంగా ఉండేది. నేను డ్యూటీకి వెళ్ళాక, దుకాణం తెరవబోయే ముందు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకునేవాడట. పత్తికి ఏ తెగులు వచ్చింది, మిర్చికి ఏ మందు కొట్టాలి, ఇద్దరికీ తెలిసిన ముచ్చట్లే. "మీ ఓనరు మంచోడు బిడ్డా. పని జెయ్యని మందును పని జెయ్యదనే జెప్పిండు" అని బాపు మురిసిపోయేవాడు.

చలికాలం వచ్చేసరికి బాపు బాగా తగ్గిపోయాడు. ముఖం ఉబ్బింది, తిండి సహించడం లేదు. ఓనరు కుర్చీ వేసుకోవడం మానేసి గడప దగ్గరే నిలబడి అడగసాగాడు. "ఏమన్న తిన్నవా పెద్దాయనా? కాళ్ళ వాపు దిగిందా? ఆయాసం ఎట్లున్నది?" నేనది దయ అనుకున్నాను. తను ఊరికే కళ్ళు మూసుకుని పడుకుంటే మాత్రం ఏమీ అడగకుండా, ఛాతీ కదలడం చూసి వెళ్ళిపోతాడని బాపే నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లోనే ఓనరు కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది.

ఒకరోజు మా బస్సు లింగాల ఘనపూర్ దాటాక చెడిపోయింది. ప్రయాణికులను వెనక వచ్చిన బస్సెక్కించి, డిపోలో లెక్క అప్పజెప్పి, మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. తలుపు తీసి ఉంది. లోపల ఓనరూ, ఆయనతో పాటు బజారులో క్లినిక్ నడిపే ఆర్ఎంపీ డాక్టరూ ఉన్నారు. బాపు కాళ్ళ మీద దుప్పటి తొలగించి ఉంది. డాక్టరు చీలమండ మీద బొటనవేలితో నొక్కి, పడిన సొట్ట వంక చూస్తున్నాడు. బాపు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇంకెన్ని దినాలు పట్టొచ్చంటవు?" అని ఓనరు మెల్లగా అడిగాడు.

"చెప్పలేమన్నా. పది రోజులు గావొచ్చు, రెండు నెలలు గావొచ్చు."

వాళ్ళు నన్ను చూడలేదు.

"ఏం జేస్తున్నవన్నా?" అన్నాను.

ఓనరు ఉలిక్కిపడ్డాడు. డాక్టరు గబగబా దుప్పటి కప్పి, నా ముఖం చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"జర బయటికి రా చెల్లె, చెప్త" అంటూ ఓనరు మెట్ల దగ్గరికి నడిచాడు. ఆయన గొంతులో కోపం లేదు. "బిడ్డకు నెలలు నిండినయ్. ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది. ఇంట్ల గట్ల జరిగితే మేం ఇల్లిడిచి పోవాలె. పోయిన నక్షత్రం మంచిది గాకుంటే నెలలకు నెలలు తాళమెయ్యాలె. పచ్చి బాలింతను తీస్కొని యాడికి పోను? నువ్వే చెప్పు."

"గందుకని డాక్టర్ను తోలుకొచ్చి మా బాపును చూపిస్తవా? నన్నడగకుండ?"

"నా ఇల్లు చెల్లె. నా ఇంట్ల ఏమైతున్నదో నేను చూసుకోవద్దా?"

"గోడలు చూసుకో అన్నా. నల్లాలు చూసుకో. మా బాపు నీ గోడ గాదు."

ఆయన తల దించుకున్నాడు. పైన రెయిలింగు పట్టుకుని వదినె అంతా వింటోంది. "ఏమనుకోకు చెల్లె" అని మాత్రం అంది. ఆమె వెనకాల ఆ అమ్మాయి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, భయంగా చూస్తోంది. ఆ పిల్లను చూశాక నేను వెనక్కి తిరిగాను.

లోపలికి వస్తే బాపు కళ్ళు తెరిచే ఉన్నాడు. అన్నీ విన్నాడు.

"ఆయన్ను ఏమనకు బిడ్డా. ఆయనకు గూడ బిడ్డున్నది."

"నువ్వు ఊకో బాపు."

"నన్ను మీ మేనత్త కాడికి తోలియ్యి. గాడ ఎవ్వలకూ భయం లేదు."

ఆ సాయంత్రం కొత్త తాళం కొన్నాను. మర్నాడు బయట ఆ తాళం వేసి డ్యూటీకి వెళ్ళాను. ఓనరు లోపలికి రాకుండా చేయడానికి నాకు వేరే దారి కనిపించలేదు. లేచి గడియ పెట్టుకునే శక్తి బాపుకు లేదు. కానీ బస్సు ఊరు దాటేసరికి భయం పట్టుకుంది. ఊపిరాడకపోతే ఎవరు తలుపు తీస్తారు? ఎవరిని పిలుస్తాడు? నా తండ్రిని నేనే గదిలో పెట్టి ఎవరూ తియ్యలేని తాళం వేశానని తలుచుకుంటే, టికెట్టు ఇచ్చిన మనిషినే మళ్ళీ "యాడికి?" అని అడిగాను. ఆ తర్వాత ఆ తాళం వెయ్యలేదు. రెండో చెవి ఓనరు దగ్గరున్న పాత తాళమే మళ్ళీ వేలాడింది.

వేరే ఇల్లు చూద్దామని సెలవు పెట్టి తిరిగాను. రోగం సంగతి దాచితే ఇల్లు దొరికేదేమో. దాచి తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. చెప్పిన చోటల్లా ఓనర్ల గొంతు మారిపోయింది. మా ఆయన గదిలో నలుగురు డ్రైవర్లు పడుకుంటారు, అక్కడికి పంపే వీలు లేదు. చివరికి మేనత్తకే ఫోన్ చేశాను. బాపుకు అక్క ఆమె, పల్లెలో తన పెంకుటింట్లో ఒంటరిగా ఉంటుంది. సంగతంతా చెప్పాను. "నా తమ్ముడు నా ఇంట్ల పోతే నాకేం దోషమే? తోలుకరా" అంది.

ట్రాలీ ఆటోలో మంచం ఎక్కించేటప్పుడు ఓనరు తనే వచ్చి ఒక పక్క పట్టాడు. బాపు ఆయన చెయ్యి పట్టుకుని, "పిల్ల కాన్పు మంచిగ గావాలె" అన్నాడు. ఓనరు ముఖం తిప్పుకుని, ఆటో వెనక తలుపు బిగించడానికి అటు పోయాడు.

జనగామలో దవాఖాన మా ఇంటికి దగ్గరే ఉండేది. మేనత్త ఇంటి నుంచి డయాలసిస్ కోసం ఆటోలో మహబూబాబాద్ పోవాలి. గుంతల రోడ్డు మీద పోయేటప్పుడు ఒళ్ళు హూనం, వచ్చేటప్పుడు కళ్ళు తిరుగుడు. కొన్నాళ్ళు పోయాడు. తర్వాత ఒకరోజు ఆటో వచ్చి నిలబడితే, "ఇగ నాతోటి గాదు" అని అటు తిరిగి పడుకున్నాడట. మేనత్త బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. "నొప్పి లేకుంట పండుకోనియ్యి బిడ్డా" అన్నాడు. ఆ మాట మీద ఇంక బలవంతం చెయ్యలేకపోయాను.

ఆయన పోయిన మధ్యాహ్నం నేను కొడకండ్ల వైపు బస్సులో ఉన్నాను. మేనత్త ఫోన్లో "బిడ్డా" అని ఆగిపోయింది. నాకు అర్థమైంది. బస్సు నిండా మార్కెట్‌కు పోయే ఆడవాళ్ళు ఆధార్ కార్డులు చూపిస్తూ ఉచిత టికెట్ల కోసం చేతులు చాస్తున్నారు. వాళ్ళందరికీ టికెట్లు కొట్టాను. ఒక ముసలవ్వ నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా?" అని అడిగింది. "మా బాపు సచ్చిపోయిండు అవ్వా" అన్నాను. ఆమె నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, తను నిలబడింది.

జనగామలోనే ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేవాడా అని నేను ఏ డాక్టరునూ అడగలేదు. ఏం చెబుతారోనని భయం.

దినాలయ్యాక ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. పైన పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఓనరు గేటు దగ్గరే నిలబడ్డాడు. "నీ జాగల నేనున్నా నీ లెక్కనే కోపం జేస్తుంటి చెల్లె" అన్నాడు. "నా జాగల నువ్వుంటే ఏం జేద్దువు?" అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. వదినె పిల్లను తెచ్చి చూపించింది. ఎత్తుకున్నాను. ఆ పిల్ల తప్పేముంది.

రైల్వే స్టేషన్ అవతల ఇంకో ఇల్లు దొరికింది. కొత్త ఓనరు గదులన్నీ తిప్పి చూపించి, "మీతోటి పెద్దోళ్ళు, ముసలోళ్ళు ఎవలన్న ఉంటరామ్మా?" అని అడిగాడు.

"ఎవ్వలు లేరన్నా" అన్నాను.

"అయితే మంచిదే" అంటూ ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు.