అక్కకు సగం మందు చాలన్నారు

రొమ్ము క్యాన్సర్ అనుమానంతో డాక్టరు రాసిన ఎం.ఆర్.ఐ. స్కాన్ కోసం ఈ రోజు మా అక్కను కోవిల్‌పట్టి నుండి విరుదునగర్ తీసుకువెళ్ళాను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే అక్క, నరంలోకి మందు ఎక్కిస్తారన్న భయంతో ఇన్నాళ్ళూ వాయిదా వేసి, ఎట్టకేలకు ఒప్పుకుంది.

చిత్రం స్పష్టంగా రావడానికి ఇచ్చే ఆ మందు కొత్త రకమనీ, సగం మోతాదే చాలుననీ నర్సు తమిళంలో చెప్పింది. అక్క ముఖం తేటపడింది. రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్న నేను అడగకపోతే ఎవరడుగుతారని, కూలివాళ్ళమని తగ్గిస్తున్నారా, పూర్తిగా ఇవ్వవలసిందేనని పట్టుబట్టాను. సగం మోతాదుతోనే చిత్రం అంతే స్పష్టంగా వస్తుందని అక్కడి డాక్టరు వచ్చి ఓపికగా వివరించాక సమాధానపడ్డాను. అప్పటికే అక్క చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడింది.

తిరుగు బస్సులో అంది:

"కొంచెం మందే అంటే నాకు దైర్యం వచ్చె. నువ్వు జగడమాడి దాన్ని పోగొడితివి కదరా తమ్ముడా."

"రేపు మళ్ళా పోదామక్కా."

"నువ్వు వస్తే నేను రాను."

ఈ స్కాన్ చేయించుకున్న అక్కచెల్లెళ్ళు మీలో ఉంటే దయచేసి ఆమెతో మాట్లాడండి. ఫోను ఆమె చేతికిచ్చి నేను వీధిలోకి వెళ్ళిపోతాను.