పాలచెరువు గట్టుకి ఇరవై రెండు సైకిళ్లు

పెద్దిరాజు ఎడమ బొటనవేలితో స్పోకుని నొక్కి చూసి, కుడిచేతిలోని చిన్న పానాతో దాని చివరనున్న నిపిల్ నట్టుని అర చుట్టు తిప్పాడు. మళ్లీ నొక్కాడు. వేలికి ఇంకా మెత్తగానే తగిలింది. మరో పావు చుట్టు తిప్పి పక్క స్పోకు అందుకున్నాడు. చక్రం కొత్తది. కంపెనీలోనే బిగించి, అట్టపెట్టెలో పెట్టి పంపింది. అలాంటి సైకిళ్లు చిన్నవీ పెద్దవీ కలిపి ఇరవై రెండు, అతని రేకుల షాపు ముందు వరసగా ఉన్నాయి. వాటికి హ్యాండిళ్లు, పెడల్లు, సీట్లు బిగించి, గాలి కొట్టి, శనివారం సాయంత్రానికి పాలచెరువు దగ్గర అప్పగించాలి. చక్రాల జోలికి వెళ్లమని ఎవరూ చెప్పలేదు.

పాలచెరువు నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో ఉంది. ఏడాదిగా దాని గట్టు వెడల్పు చేసి, చుట్టూ నడవడానికి టైల్స్ పరిచి, పక్కనే సైకిళ్ల కోసం ఎర్రరంగు దారి వేశారు. ఒక చుట్టు రెండున్నర కిలోమీటర్లు. ఆదివారం నుంచి పిల్లలతో వచ్చేవాళ్లు గేటు దగ్గర సైకిళ్లు అద్దెకి తీసుకోవచ్చు. ఆ కాంట్రాక్టు సుభాష్‌ది. అతని తండ్రి దశరథరామయ్య తోటల్లో ఒకప్పుడు పెద్దిరాజు చక్రాలు కట్టిన సైకిళ్లే తిరిగేవి. ఆ పేరు మీదే సుభాష్ పని తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట అన్నాడు. టికెట్ల గదిని ఆనుకుని ఒక రేకుల గది కట్టారని, సైకిళ్లు సరిగ్గా తయారైతే వాటి బాగోగులు చూస్తూ అందులో కూర్చునేది పెద్దిరాజేనని.

ఆ గది పెద్దిరాజుకి కావాలి. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చినవాళ్లు షాపు గుంజ మీద ఎర్ర పెయింటుతో గీత గీసి వెళ్లారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. ముప్ఫై నాలుగేళ్లుగా కూర్చున్న ఆ చోటు అతనిది కాదు, రోడ్డుది. అరవై ఒకటో ఏట ఇంకోచోట షాపు పెట్టుకునే తాహతు లేదు. తోటల్లో పనికి వెళ్దామంటే ఈ ఏడు పురుగు పట్టి పూత చాలావరకు మాడిపోయింది. కాయ అంతంతమాత్రంగా ఉన్న తోటలో కూలీతో ఎవరికీ పని ఉండదు. భార్య కృష్ణవేణి ఏటా కాయలు ఏరే గోడౌను కూడా సగం రోజులు మూసే ఉంటోంది.

పెద్దిరాజు తండ్రి సైకిల్ మీద మామిడి మోసేవాడు. వెనక క్యారేజీ మీద ఒక బుట్ట, రెండు పక్కలా రెండు బుట్టలు. చిన్న రసాలు నింపి తోట నుంచి మార్కెట్‌కి తోసుకుంటూ, దారి బాగున్నచోట తొక్కుతూ వెళ్లేవాడు. ఒక ఎండాకాలం కాలవ గట్టు మీద వెనక చక్రం మడతపడి, బుట్టలతో సహా కిందపడి అతని తుంటి విరిగింది. మళ్లీ బరువు ఎత్తలేదు. అప్పుడు పెద్దిరాజుకి పంతొమ్మిదేళ్లు. మడతపడిన ఆ చక్రాన్ని ఇంటికి తెచ్చి, స్పోకులన్నీ ఊడదీసి, ఎందుకు మడతపడిందో చూడటానికి మళ్లీ కట్టాడు. సరిగ్గా తిరగలేదు. మళ్లీ ఊడదీశాడు. ఇలా పదకొండుసార్లు కట్టాక చక్రం నిటారుగా తిరిగింది. నేర్పినవాళ్లు లేరు.

ఆ తర్వాత తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. స్పోకులు బిగించాక చక్రాన్ని నేలమీద పడుకోబెట్టి, అంచు మీద రెండు పాదాలు పెట్టి, గోడ పట్టుకుని నెమ్మదిగా చుట్టూ నడిచేవాడు. లోపల స్పోకులు టిక్కుటిక్కుమని సర్దుకునేవి. వదులైనంత మళ్లీ బిగించి, మళ్లీ తొక్కేవాడు. చప్పుడు ఆగేదాకా అదే పని. చివరికి సైకిల్ మీద మామిడికాయల బరువు వేసి, తనే ఒక మైలు తొక్కి చూశాకే ఇచ్చేవాడు. అటు బాపులపాడు నుంచి కూడా చక్రాలు తెచ్చేవాళ్లు. అతను కట్టిన చక్రం మడతపడిందని ఎవరూ తిరిగి రాలేదు. తర్వాత లోడ్ ఆటోలు వచ్చాయి. సైకిల్ మీద మామిడి మోసేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, లేకుండా పోయారు. అతనికి పంక్చర్లు మిగిలాయి.

కంపెనీ చక్రాల్ని వేలితో నొక్కినప్పుడు అవి వదులుగా ఉన్నాయనిపించింది. వాటితో పాటు వచ్చిన కాగితాల్ని చూడకుండానే సంచిలో పడేశాడు. నలభై నాలుగు చక్రాలూ తన పద్ధతిలో బిగించడం మొదలుపెట్టాడు. మూడోరోజు అన్నం క్యారేజీ తెచ్చిన కృష్ణవేణి, అతను పిల్లల సైకిల్ చక్రం మీద నిలబడి గోడ పట్టుకుని తిరుగుతుంటే కాసేపు చూసింది.

"పిల్లలు తొక్కేవయ్యా ఇవి. వీటిమీద రసాల బుట్ట ఎవడెక్కిస్తాడు?"

"పిల్లల వెనక వాళ్ల నాన్న ఎక్కుతాడు. ఇప్పటి నాన్నలు బుట్టకంటే తక్కువున్నారా?"

"అయితే ముందు సుభాష్ బాబుని ఎక్కించి చూడు. ఆయన్ని మోసిందంటే ఇంక దేన్నయినా మోస్తుంది."

పెద్దిరాజు నవ్వలేదు గానీ, దిగి అన్నానికి కూర్చున్నాడు.

గురు, శుక్రవారాల్లో తెల్లవారగానే సైకిళ్లని చెరువు దగ్గరికి చేర్చి, ఒక్కోదాని క్యారేజీ మీద రాలిన పచ్చికాయలు నింపిన ప్లాస్టిక్ ట్రేలు రెండు కట్టి, గట్టు చుట్టూ తొక్కి చూశాడు. చిన్నవాటికి ఒక ట్రే కట్టి, తోసుకుంటూ నడిచాడు. ఈ చెరువుని అతను ఎప్పుడూ రోడ్డు వైపు నుంచే చూశాడు. ఇప్పుడు చుట్టూ తిరుగుతుంటే చూడనివి చాలా కనిపించాయి. పడమటి వైపు తోటల కొమ్మలు నీళ్ల మీదికి వంగి ఉన్నాయి. నీళ్లు పొర్లిపోయే అలుగు దగ్గర తూటాకు పొదల మధ్య నీటికోళ్లు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి. అక్కడ దారి కొంచెం ఎత్తెక్కి, ఎత్తు మీద నుంచి చూస్తే చెరువంతా ఒకేసారి కనబడుతుంది. సిమెంటు బల్లలకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. అప్పుడే నడకకి వస్తున్నవాళ్లు అతన్ని ఆపి కాయలు కిలో ఎంతకిస్తావని అడిగారు. అమ్మేవి కాదండీ, బరువుకి అని చెప్పాడు. ఒకాయన నమ్మక, రేటు పెంచడానికి అలా అంటున్నాడని పక్కాయనతో అన్నాడు. ఏ చక్రమూ ఊగలేదు, చప్పుడు చేయలేదు. ఇంత నిటారుగా తిరిగిన చక్రాలు ఈ మధ్య ఎప్పుడూ కట్టలేదని పెద్దిరాజుకి అనిపించింది.

శనివారం మధ్యాహ్నం గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే ఒక వెనక రిమ్ము మీద, స్పోకు దిగే రంధ్రం దగ్గర వెంట్రుక కనబడింది. తుడిస్తే పోలేదు. గోరుతో గీరితే గోరు ఆగింది. అది పగులు. పక్క రంధ్రం చూశాడు. తర్వాతి సైకిల్ చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచి మళ్లీ చూశాడు. పద్నాలుగు సైకిళ్ల రిమ్ములకి పగుళ్లు కనిపించాయి.

సంచిలోంచి కాగితం తీసి విప్పాడు. ఇంగ్లీషు అక్షరాల పక్కన బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో చక్రం, దానిమీద పానా పట్టిన చెయ్యి, రెండింటి మీదా అడ్డంగా ఒక గీత. పాత రిమ్ములు ఇనుపవి. ఎంత బిగించినా ఇంకాస్త అడిగేవి. ఇవి పలచటి అల్యూమినియంవి. మెత్తగా ఉండటమే వీటి పద్ధతి. అది చెప్పాల్సిన వేలు నలభై ఏళ్లుగా ఇనుముకి అలవాటుపడి ఉంది. పైగా వాటి మీద నిలబడ్డాడు, మామిడికాయలు వేశాడు.

లోడ్ ఆటోలో సైకిళ్లు ఎక్కించడానికి వచ్చిన కృష్ణవేణికి గోరు పెట్టి చూపించాడు. ఆమె వేలితో తడిమి చూసింది. తనకేం కనిపించడం లేదంది. ఎవరికీ కనిపించదని అతనూ అన్నాడు.

"రెండు మూడు నెలలు ఆగుతాయా?" అని అడిగింది.

"కొన్ని ఆగుతాయి. ఏది ఆగదో నేను చెప్పలేను."

ఏమీ చెప్పకుండా అప్పగిస్తే గది చేతికొస్తుందని ఇద్దరికీ తెలుసు. కృష్ణవేణి వంగి ఒక సైకిల్ వెనక చక్రం పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎక్కించారు.

సుభాష్ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిస్తున్నాడు. పెద్దిరాజు ఆటో దిగి, సైకిళ్లు దించకముందే జరిగింది చెప్పాడు. సుభాష్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫ్లెక్సీ కట్టేవాళ్లని ఆగమన్నాడు.

"బిగించమని నేను చెప్పానా?"

"లేదండీ."

"మరి ఎందుకు ముట్టుకున్నావ్?"

"వదులుగా ఉన్నాయనుకున్నాను బాబూ."

"మిగతా ఎనిమిది బాగున్నాయిగా. అవి తిప్పుదాం."

"వాటినీ అలాగే బిగించి తొక్కానండీ. పిల్లల్ని ఎక్కించొద్దు."

సుభాష్ అరవలేదు. ఫోన్ తీసుకుని పక్కకి వెళ్లాడు. తిరిగొచ్చి, కొత్త రిమ్ములు రావడానికి రెండు వారాలు పడుతుందని, కంపెనీలో పని నేర్చుకున్న మనిషి ఒకతను విజయవాడ నుంచి వచ్చి ఇకమీద ఇక్కడే ఉంటాడని చెప్పాడు. రిమ్ముల ఖర్చు పెద్దిరాజు మీద వేయనన్నాడు. నాన్నగారికి ఇదంతా చెప్పనని కూడా అన్నాడు. గది మాట ఎత్తలేదు. పెద్దిరాజు కూడా అడగలేదు. చక్రాలు విప్పి కట్టడానికి తను వస్తానని మాత్రం అన్నాడు. సుభాష్ సరేనన్నాడు.

ఆదివారం జనం బాగా వచ్చారు. తాతలు, మనవలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, టిఫిన్ డబ్బాలతో కుటుంబాలకి కుటుంబాలే గట్టు మీద నడిచాయి. సైకిళ్లు తాడు కట్టిన పందిట్లో కొత్త రంగుతో మెరుస్తూ నిలబడి ఉన్నాయి. తాడు దగ్గర పెద్దిరాజు నిలబడ్డాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అడిగారు. ఈరోజు లేవమ్మా అని ప్రతిసారీ చెప్పాడు. ఒక పాప తాడు కింద నుంచి చెయ్యి పెట్టి బెల్లు కొట్టింది. వాళ్ల నాన్న, తయారుగా పెట్టి ఇవ్వకపోవడమేంటండీ అని అతన్నే నిలదీశాడు. ఎర్రరంగు దారి సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది.

రిమ్ములు వచ్చేలోపే నెల అయిపోయింది. షాపు రేకుల్ని పెద్దిరాజు తనే విప్పి ఇంటి పెరట్లో పేర్చాడు.

విజయవాడ నుంచి వచ్చినతని పేరు రాజేష్. నలభైకి దగ్గర పడ్డ మనిషి. టికెట్ల గది పక్కన రేకుల గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పాత రిమ్ములు విప్పి కొత్తవి కట్టారు. పెద్దిరాజు ఒక చక్రానికి స్పోకులు అల్లే వేగం చూసి రాజేష్ తన పని ఆపి చూశాడు. కానీ బిగించేటప్పుడు చూసుకోవడానికి రాజేష్ దగ్గర స్పోకు బిగువు కొలిచే, ముల్లు తిరిగే చిన్న పరికరం ఉంది. దాన్ని స్పోకుకి తగిలించి, "ఇక్కడ ఆపు బాబాయ్" అనేవాడు.

"ఇంత మెత్తగానా?"

"మెత్తగా లేదు. దీనికి ఇంతే."

మొదటిరోజు పెద్దిరాజు చెయ్యి ప్రతి స్పోకు దగ్గరా ఇంకో పావు చుట్టు తిరగబోయింది. ఆపుకున్నాడు. రెండోరోజు కూడా అంతే. మూడోరోజు నుంచి స్పోకుని వేలితో నొక్కడం మానేసి, ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి పానా పక్కన పెట్టాడు. చక్రాలు నిటారుగానే తిరుగుతున్నాయి. అవి మంచివని అతని వేలు మాత్రం ఒప్పుకోలేదు. ఏ చక్రం మీదా నిలబడలేదు. బరువు వేసి తొక్కలేదు.

ఆరోరోజు సాయంత్రానికి పని అయిపోయింది. పెద్దిరాజు గొలుసులకి నూనె వేసి, బ్రేకులు పట్టి చూసి, సైకిళ్లని ఒక్కొక్కటే పందిట్లోకి నడిపించాడు. రాజేష్ ప్రతిదాని చక్రం తిప్పి చూసి, కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు. ఇరవై రెండోదానికి స్టాండు వేసి, సైకిళ్ల తాళంచెవుల గుత్తి రాజేష్ చేతిలో పెట్టాడు పెద్దిరాజు.