గఫూర్ మియాను నేను చంపిన ఆదివారం

యాభై ఏళ్లు దాటినా ఇంకా అచ్చులో ఉన్న ఆటను ఒక్క మధ్యాహ్నంలో అటకెక్కించిన ఘనుడెవరైనా ఉన్నాడా అని మీరెప్పుడూ ఆలోచించి ఉండరు. మీకు వేరే పనులుంటాయి. ఆ ఘనుణ్ణి నేనే. నా తెలివితక్కువతనం వికారాబాద్‌లో మా ఇంటివాళ్లకు ఎప్పుడో తెలుసు. తాండూరు వాళ్లకు తెలిసింది మాత్రం ఆ ఆదివారమే. ఇది ఆ సర్వనాశనం కథ.

ముందు ఆట సంగతి చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని మేం మాస్టర్ అంటాం. మిగతావాళ్లు తలా ఒక పాత్రను కల్పించుకుని, ఆ పాత్రలాగే మాట్లాడతారు. "నేను కోటగోడ ఎక్కుతున్నా" అని మీరంటే, ఎక్కారో నడుం విరగ్గొట్టుకున్నారో పాచిక చెబుతుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు. ఉన్న ఒక్క ముఖంతోనే ఇన్ని అగచాట్లు పడే నా చేతికి అలాంటిది ఇవ్వడమే మొదటి పొరపాటు.

ఇచ్చినవాడు షకీల్ భాయ్. తాండూరులో ఆయనది కళ్లద్దాల దుకాణం. గాజు అరలో పైన ఫ్రేములుంటాయి, కింద ఆటల పుస్తకాలుంటాయి. డ్రాగన్ల ఆట, అంతరిక్షంలో సరుకులు మోసే వర్తకుల ఆట, చూస్తే మతిపోయే భయంకర దేవుళ్ల ఆట. అన్నీ మా కాలం కన్నా ముందువే, అన్నీ ఇంకా కొత్త ముద్రణలు వేసుకుంటున్నవే. నేను పక్క వీధిలోని జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అద్దాలు మార్పించుకుందామని వెళ్లి ఆటలో ఇరుక్కున్నాను. అప్పటినుంచి ఆదివారం కూడా తాండూరు రైలెక్కుతుంటే, కాలేజీలో ఎంత పని ఉందో పాపం అని మా ఆవిడ జాలిపడేది. నేనా జాలిని భంగపరచలేదు.

మా జట్టులో మరో ఇద్దరున్నారు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్ మల్లేశన్న. మా బల్ల కూడా ఆయన తెచ్చిన రాతి పలకే. పాచిక వేస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. రెండో మనిషి కరణ్‌కోట నుంచి స్కూటీ మీద వచ్చే నర్సు సునందక్క.

ఏళ్ల తరబడి షకీల్ భాయే మాస్టర్. మాకు రాజూ ఆయనే, రాక్షసుడూ ఆయనే, సంతలో బేరమాడే ముసలమ్మా ఆయనే. అందరికీ ప్రాణం పోసే మనిషికి తనదంటూ ఒక్క పాత్ర లేదు. ఓ రోజు ఆయనే బయటపడ్డాడు.

"సార్, నాగ్గూడ ఒక్కసారి ఆడాలనుంది. జర మీరు నడుపుతరా?"

"నేనా?" అన్నాను, ఈ ప్రశ్న ఇంత ఆలస్యంగా అడిగారేమిటన్న గొంతుతో.

ఆ వారమంతా ఆయన పెళ్లికొడుకులా తిరిగాడు. ఆయన కల్పించుకున్న పాత్ర గఫూర్ మియా అనే ముసలి బావర్చీ. కత్తి లేదు, గరిటె ఉంది. తోడుగా ఓ మేక. డ్రాగన్‌కు చేతులారా బిర్యానీ వండిపెట్టి, అది తిని ఏమంటుందో వినాలన్నది గఫూర్ మియా జీవితాశయం. ఆ వణుకు గొంతు అలవాటు కావాలని షకీల్ భాయ్ గిరాకీలతో కూడా అలాగే మాట్లాడాడట. చూపు పరీక్షకు వచ్చిన ఒకాయన, ముందు మీరు డాక్టర్‌కు చూపించుకోండని సలహా ఇచ్చి వెళ్లాడట.

నేనూ తయారయ్యాను. నియమాల పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. అసలే ఇన్విజిలేషన్‌లో నాకు పేరుంది. నేనున్న గదిలో పిల్లలు తుమ్మడానికి కూడా చెయ్యెత్తి అనుమతి అడుగుతారు. ఇక్కడ ఓ ముఖ్యమైన సంగతి. మాస్టర్ ముందు ఎప్పుడూ ఒక అట్టతెర ఉంటుంది. ఆయన దాని వెనక పాచిక వేసుకుని, ఫలితం మనకు నోటితో చెబుతాడు. నాకది ఎప్పుడూ నచ్చేది కాదు.

ఆదివారం వచ్చింది. భాయ్ వాళ్లింటి నుంచి దహీ వడలు కూడా వచ్చాయి. నేను మాస్టర్ కుర్చీలో కూర్చోగానే అట్టతెరను మడిచి కింద పెట్టేశాను.

"అదేంది సార్, తెర తీసేసిన్రు?" అంది సునందక్క.

"నా దగ్గర దాపరికాల్లేవు. పాచికలన్నీ అందరి ముందే."

షకీల్ భాయ్ ఆ తెరను తీయబోయి, దహీ వడల గిన్నె నా వైపు జరిపాడు. ఆటగాడిగా తొలిరోజు కదా, మాస్టర్‌కు ఎదురు చెప్పడం మర్యాద కాదనుకున్నాడేమో.

కథ మొదలైంది. పాడుబడ్డ కోట, పెద్ద ద్వారం. గఫూర్ మియా మేకను పట్టుకుని ముందుకొచ్చి, ద్వారానికే సలాం చేసి, "కోయీ హై? బిర్యానీ తింటరా బాబూ?" అన్నాడు. సునందక్క పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. ద్వారం ముందు గుంత ఉందని నా కాగితంలో ఉంది.

"పాచిక వెయ్యండి భాయ్."

రాతిబల్ల మీద పాచిక దొర్లి దొర్లి ఆగింది. ఒకటి. ఇరవైలో అంతకన్నా అధమం లేదు.

"గుంతలో పడ్డారు. అడుగున విషపు మేకులున్నాయి." నా పాచిక వేశాను. ఇరవై. మామూలుగా పాచిక పారకపోతే మనిషి ఏడుస్తాడు. నాది పారింది కాబట్టే మిగతావాళ్లు ఏడ్చారు. "గఫూర్ మియా చనిపోయాడు."

దహీ వడ మల్లేశన్న నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"అప్పుడేనా? ఇంక లోపలికే పోలే కద సార్!"

"పాచిక అలా పడింది."

"నేను తాడేస్త. నా నడుముకు తాడుంది."

"తాడు వేస్తున్నానని ముందే చెప్పలేదు మీరు."

"నేను మందేస్త సార్, నర్సును నేను! ఆటల గూడ నర్సునే!" అంది సునందక్క.

"ఆ విషానికి మందు ఫలానా పేజీలో..."

"పేజీ సంగతి ఇడిసిపెట్టుర్రి. మీ ఇంటర్ పిల్లలకు గ్రేస్ మార్కులు ఇస్తరు కద, గీ ముసలాయనకు ఇయ్యరా?" అన్నాడు మల్లేశన్న.

"నియమం నియమమే!" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ఛాతీ కొద్దిగా ఉబ్బిందని కూడా ఒప్పుకుంటున్నాను.

షకీల్ భాయ్ గఫూర్ మియా కాగితాన్ని నెమ్మదిగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "కోయీ బాత్ నై సార్. మేకనన్న బతకనియ్యుర్రి" అని లేచి, ఎవరూ రాని దుకాణంలో ఎవరో వచ్చినట్టు ముందుకెళ్లి అద్దాలు తుడవసాగాడు.

ఆట అక్కడితో ఆగిపోయింది. సునందక్క స్కూటీ తీస్తూ నన్ను పక్కకు పిలిచింది.

"సార్, మీ రణధీరుడు ఎన్నిసార్లు చచ్చిండో ఎరికేనా?"

రణధీరుడు నా పాత్ర. వాడి పరాక్రమాన్ని నేను స్టాఫ్‌రూంలో వర్ణిస్తుంటే, అడగని లెక్చరర్లు కూడా విని తీరాల్సి వచ్చేది. "ఒక్కసారి కూడా చావలేదు. వాడు అజేయుడు" అన్నాను గర్వంగా.

"అజేయుడా? నేను భాయ్ పక్కన కూసుంట. తెర ఎనక పాచిక నాకు కనబడతది. మీ అజేయుడు నక్క చేతిల చచ్చిండు. మెట్ల మీదికెళ్లి పడి చచ్చిండు. పెండ్లి దావత్‌ల ముల్లు గొంతుకడ్డం పడి చచ్చిండు. ప్రతిసారి భాయ్ పాచికను చూసుకుంట, 'అరె, తప్పిపోయింది' అంటుండె. మీ మొఖం చూసి ఆయనకు మనసొప్పకపోతుండె సార్."

స్కూటీ వెళ్లిపోయింది. నేను వికారాబాద్ రైలెక్కి, కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోకుండా నిలబడే వెళ్లాను. నక్క చేతిలో చచ్చినవాడికి సీటెందుకు? ఆ ఆట అన్నేళ్లు ఎలా బతికిందో అప్పుడు కాస్త అర్థమైంది. ప్రతి ఊళ్లోనూ అట్టతెర వెనక ఒక షకీల్ భాయ్ కూర్చుని, పాచిక కేసి చూసి, మన కేసి చూసి, అబద్ధం చెబుతుంటాడు కాబోలు.

ఆ వారం మధ్యలో భాయ్ నుంచి కబురు: "వచ్చే ఆదివారం నుంచి మళ్ల నేనే నడుపుత. ఆడుడు నాకు అచ్చిరాదు." నా గుండెలో రాయి పడింది, అదీ తాండూరు రాయి. అన్నేళ్లకు ఒక్కసారి ఆడతానని అడిగిన మనిషి, నా దెబ్బకు ఇక జన్మలో అడగడు.

ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? నా కళ్లద్దాల కాడ విరగ్గొట్టుకుని వెళ్లాను. ఆయన చేతిలోకి తీసుకుని చూశాడు.

"సార్, ఇది విరిగింది కాదు. విరగ్గొట్టింది."

"భాయ్, నక్క సంగతి నాకు తెలిసిపోయింది."

ఆయన స్క్రూ బిగిస్తూ తలెత్తలేదు. "సునందక్క చెప్పిందా? నోట్ల నువ్వు గింజ నానది ఆమెకు."

"గఫూర్ మియాను బతికిస్తాను. మళ్లీ ఆడండి."

"వద్దు సార్. చచ్చినోన్ని లేపితే ఆయనకు ఇజ్జత్ ఉండది."

"పోనీ, కొత్త పాత్రతో రండి. తెర పెడతాను. నా మీద ఒట్టు."

ఆయన కాడను రెండుసార్లు మడిచి తెరిచి చూసుకున్నాడు. చివరికి అద్దాలు నా ముక్కు మీద తానే పెట్టి, "గఫూర్‌కు ఒక తమ్ముడుండె. ఫౌజుల పనిచేసిండు" అన్నాడు. ఆ అద్దాల్లోంచి మొట్టమొదట కనిపించింది ఆయన నవ్వే. ఎన్ని ధన్యవాదాలు చెప్పినా రుణం తీరని నవ్వు.

ఇక ఈ జన్మలో ఏ బల్ల మీదా తెర తీయనని, పాచిక చెప్పినదల్లా నిజమని నమ్మనని, నక్కలను చులకనగా చూడనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను.

అయితే నేనూ మనిషినే. మెట్ల మీంచి పడి చచ్చిన అవమానం నాకు మాత్రం ఉండదా? మొన్న ఆదివారం ఫౌజీ తమ్ముడు వంతెన మీద ఒంటరిగా డ్రాగన్‌కు అడ్డం నిలబడ్డాడు. అన్న పేరు నిలబెట్టి వీరమరణం పొందాలని భాయ్ పట్టుదల. చనిపోతూ చెప్పాల్సిన మాటలు కంఠతా పట్టుకొచ్చాడు. గొంతు వణికిస్తూ, చెయ్యి గుండె మీద పెట్టుకుని, సునందక్క కళ్లు తుడుచుకునేదాకా చెప్పాడు. చెప్పి, కళ్లు మూసుకుని, చావు కోసం ఎదురుచూశాడు.

నేను తెర వెనక పాచిక వేశాను. ఇరవై.

"అరె, తప్పిపోయింది" అన్నాను. "డ్రాగన్‌కు తుమ్ము వచ్చింది. మీకు చిన్న గీత కూడా పడలేదు భాయ్."

ఆయన ఒక కన్ను తెరిచాడు. "సార్, అబద్ధం! జర చావనియ్యుర్రి!"

"మీరు నన్ను చావనిచ్చారా?" అని, పాచికను జేబులో వేసుకున్నాను.