మూగనోము మాస్టారికి కుదిరిన సంబంధం

మా ఆవిడ ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే నేను కత్తెర పక్కన పెట్టాల్సి వస్తుంది. నాది దర్జీపని, ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆవిడది అలా కాదు. యూనివర్సిటీలో పరిశోధనలు చేసే మాస్టార్లుంటారు. వాళ్ళ బుర్ర నిండా ఆలోచనలుంటాయి, జేబులు మాత్రం ఖాళీ. ఇంకోవైపు మంచి పనికి నాలుగు డబ్బులివ్వాలని కూర్చున్న ట్రస్టులుంటాయి, ఎవరికివ్వాలో వాళ్ళకి తెలియదు. ఎవరి పనికి ఎవరు డబ్బిస్తారో వెతికి వీళ్ళనీ వాళ్ళనీ కలపడమే మా ఆవిడ పని. ఆఫీసులో ఆవిడకి పెళ్ళిళ్ళ పేరమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు తనే ఫోనెత్తి, "పేరమ్మనే, చెప్పండి" అంటుంది.

మిగతావాళ్ళు కంప్యూటర్లో నాలుగు మాటలు కొట్టి, వచ్చిన ట్రస్టుల ప్రకటనలన్నీ అందరికీ పంపేసి చేతులు దులుపుకుంటారట. మా ఆవిడ అలా కాదు. మాస్టారి గదికి వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది. "మీ పని ఫలించిందనుకోండి. అందరికంటే ముందు సంతోషించేదెవరు?" పాపం, చాలామంది "మానవాళి" అంటారు. "మానవాళి ఫోన్ నంబరు నా దగ్గర లేదండీ, ఎవరైనా ఒక్క మనిషిని చెప్పండి" అంటుంది. ఆ మనిషి దొరికితే చాలు, ఆ మనిషి మేలు కోరేవాళ్ళెవరో ఆరా తీసుకుంటూ వెళ్ళి డబ్బున్న గుమ్మం ముందు తేలుతుంది. కట్టుకున్నవాణ్ణని చెప్పడం కాదు గానీ, ఆ ఓపిక నేనింకెవరిలోనూ చూడలేదు.

ఊరందరికీ సంబంధాలు కుదిర్చే మనిషికి సొంతింట్లోనే ఒకటి చెడింది. మా అమ్మతో.

మా నాన్న దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. ఆయన పోయాక అమ్మ ఆయన స్వెట్టరొకటి బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత బిగించింది. మధ్యాహ్నం పూట మూత తీసి, మొహం అందులో పెట్టి కాసేపు కూర్చునేది. ఆ కాసేపు ఇంట్లో ఎవరం పలకరించేవాళ్ళం కాదు. ఏడాది గడిచాక ఒకరోజు డబ్బా పట్టుకుని నా మిషను దగ్గరకొచ్చింది.

"మీ నాన్న వాసన పోయిందిరా. నీ పెళ్ళాం ఉతికేసింది."

"లేదత్తయ్యా, నేను దాన్ని ముట్టుకోనేలేదు" అంది మా ఆవిడ.

నేను స్వెట్టరు పట్టి చూశాను. ఉతికిన ఉన్నికీ ఉతకని ఉన్నికీ తేడా నా వేళ్ళకి తెలియదా? చేతి అంచుకి అంటిన పచ్చరంగు పెచ్చు కూడా అలాగే ఉంది. ఆ మాటే చెప్పాను. "కొంగు పట్టుకు తిరిగేవాడివి, నువ్వింతకంటే ఏమంటావులే" అని అమ్మ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె కోడలితో నేరుగా మాట్లాడడం మానేసింది. కోడలు ఎదురుగా ఉన్నా, "ఒరేయ్, ఆ మంచినీళ్ళిటు అందుకోమను" అని నాతో చెప్పేది. నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. మా ఆవిడ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అత్తగారికి తల దువ్వడం, మందులివ్వడం అన్నీ ఎప్పటిలాగే చేసేది. ఒకరోజు వంటింట్లో కుళాయి ధారగా వదిలి ఏడ్చింది. నీళ్ళ చప్పుడులో వినపడదనుకుంది. నాకు వినపడింది.

ఆ రోజుల్లోనే ఆవిడ దగ్గరికి ఈ మాస్టారొచ్చాడు. వయసు మళ్ళినవాళ్ళలో వాసన పట్టే శక్తి ఎలా తగ్గిపోతుంది, రోజూ కొన్ని వాసనలు శ్రద్ధగా పీల్చే అభ్యాసం చేయిస్తే కొంతైనా తిరిగొస్తుందా అన్నది ఆయన పరిశోధన. ఏళ్ళ తరబడి చేస్తున్నాడు. పాత గ్రాంటు అయిపోయింది. సెలవుల్లోగా కొత్తది రాకపోతే ఆయన గదిని ఇంకొకరికిచ్చేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. గది పోతే ఆ పని అటకెక్కినట్టే.

పనిలో లోపం లేదు, నోట్లోనే ఉంది. ఇద్దరు తేరిపార చూస్తే చాలు, ఆయనకి నాలుక పిడచకట్టుకుపోతుంది. రాసింది చదివి మెచ్చుకున్నవాళ్ళే, పిలిచి కూర్చోబెట్టాక పెదవి విరిచేవారు.

మా ఆవిడ తన ప్రశ్న వేసింది. ఆయన, "వాసన పోయినవాళ్ళు సంతోషిస్తారండీ. కానీ పోయిందని వాళ్ళకే తెలీదు. మెల్లిమెల్లిగా పోతుంది కదా, తేడా ఎదుటివాళ్ళలో వచ్చిందనుకుంటారు" అన్నాడట.

"తెలియనివాళ్ళని నేనెక్కడని వెతకను?" అని ఇంటికొచ్చి తల పట్టుకుంది. తర్వాత ప్రశ్నని తిరగేసింది. ముక్కు మీద బతికేవాళ్ళెవరు? వంటవాళ్ళు, పూలవాళ్ళు, అత్తరువాళ్ళు, సబ్బులవాళ్ళు. ఇలా అనుకుంటూ తిరుగుతుంటే పార్కులో గులాబీల మడి పక్కన రాతిపలక ఒకటి కనపడింది. సువాసనల మీద చదువుకునేవాళ్ళకి సాయం చేసే ఒక సబ్బుల కుటుంబం వాళ్ళు ఆ మడి వేయించారట. ఫలానా ట్రస్టు అని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. మర్నాడే ఫోన్ చేసింది. అర్జీ ఒక్క పేజీ చాలు, కానీ వచ్చి ఆ కుటుంబం పెద్దాయనకి నోటితో చెప్పాలి, ఆయనకి నచ్చితేనే డబ్బు అన్నారు.

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి.

"ఆదివారాలు మా ఇంటికి రండి. మా ఆయనకి చెప్పి అలవాటు చేసుకోండి. ఆయనకి అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే" అందట మా ఆవిడ. ఇది మెచ్చుకోలో, కాదో నేనడగలేదు.

అలా ఆయన మా ముందుగదికి రావడం మొదలైంది. నేను ఇస్త్రీ చేస్తూ వినేవాణ్ణి. ఇస్త్రీబల్ల పక్కనే అమ్మ కుర్చీ. మాస్టారు గుండీల డబ్బా వైపు చూస్తూ గొణిగేవాడు.

"ఏం నాయనా, ఆ గుండీలకి చెప్తున్నావా, మాకు చెప్తున్నావా?" అనేది అమ్మ. ఆయనకి మూగనోము మాస్టారని పేరు పెట్టింది కూడా ఆమే. పేరైతే పెట్టింది గానీ, ఆదివారం ఆయన రావడం కాస్త ఆలస్యమైతే గుమ్మం వైపు చూసేది. పొద్దస్తమానం గోడల్ని చూసి విసిగిన ప్రాణం కదా.

ఒక ఆదివారం ఆయన కాస్త గాడిలో పడ్డాడు. వాసన ముక్కులోంచి మెదడుకి ఎలా వెళ్తుందో చెప్తుంటే నేను ఇస్త్రీపెట్టె వదిలేసి నోరు తెరుచుకుని వింటున్నాను. ఉన్నట్టుండి మాస్టారు ఎగిరి లేచి, "మాడుతోంది! మాడుతోంది!" అని కేకపెట్టాడు. ఆ మనిషికి అంత గొంతుందని నాకప్పుడే తెలిసింది. చూస్తే ప్యాంటు మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. నేను పెట్టె లాగేసి, ప్యాంటు ఇచ్చినాయనకి ఏం చెప్పాలా అని తల బాదుకుంటున్నాను.

బల్లకి అందరికంటే దగ్గరగా కూర్చున్న అమ్మ, "ఏం మాడుతోంది? ఎక్కడ?" అంది.

గదంతా కమురు కంపు. అమ్మ నిజంగానే అటూ ఇటూ చూస్తోంది.

మాస్టారు ఆమెకేసి చూశాడు. గుండీల డబ్బా మర్చిపోయాడు. కుర్చీ దగ్గరకెళ్ళి కింద కూర్చుని, "పెద్దమ్మా, మీకు ఈ వాసన రావట్లేదా?" అని అడిగాడు.

"నా ముక్కుకేం నాయనా, భేషుగ్గా ఉంది. ఈ మధ్య వస్తువుల్లోనే సారం లేదు. పాలు నీళ్ళలా ఉంటున్నాయి, పూలు కాగితంలా..." అంటూ ఆగిపోయింది. ఆ మాటలు తన చెవికే కొత్తగా వినపడినట్టున్నాయి. తర్వాత లేచి లోపలికెళ్ళి రేకు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు చూసి చెప్పు" అంది.

మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. మాస్టారు మూత తీసి, కళ్ళు మూసుకుని పీల్చాడు.

"ముందు అవిసెనూనె వస్తోందమ్మా, రంగుల్లో కలిపేది. దాని వెనక పొగాకు, కొంచెమే. మెడ పట్టీ దగ్గర కొబ్బరినూనె. వీటన్నిటి అడుగున, ఎండలో పనిచేసిన మనిషి చెమట. గట్టిగానే ఉందమ్మా. ఎక్కడికీ పోలేదు."

ఎక్కడా తడబడలేదు, నసగలేదు. నాకు నాన్న నిచ్చెన భుజాన వేసుకుని ఇంటికొస్తున్నట్టే అనిపించింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అమ్మ డబ్బా తీసుకుని, మూత పెట్టి, ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి కూడా మంచినీళ్ళు నా చేతే అడిగించింది. తప్పని ఎంత తెలిసినా అన్నాళ్ళ మాట ఒక్క పూటలో వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. మా ఆవిడ నీళ్ళిచ్చి ఊరుకుంది.

సబ్బుల పెద్దాయన దగ్గరికి వెళ్ళే రోజు రానే వచ్చింది. మా ఆవిడ తోడు వెళ్ళింది. సాయంత్రం వచ్చాక చెప్పులు కూడా విడవకుండా నా మిషను పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తూ వింటోంది.

"పెద్ద హాలండీ. ఆయనొక పక్క, ఫ్యాక్టరీ చూసుకునే కూతురొక పక్క. మాస్టారు నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో పెద్దాయన తనే అందుకున్నాడు. బల్ల మీద సబ్బు తీసి, 'ఇది చూడండి. నా చేతుల్లో ఉన్నప్పుడు ఇది వాడితే ఇల్లంతా గుప్పుమనేది. మా అమ్మాయి చేతికిచ్చాక సుద్దముక్క అయింది. అత్తరు దగ్గర పిసినారితనం చేస్తోంది' అన్నాడు. ఆ పిల్ల తల దించుకుంది. రోజూ పడే మాటే అయ్యుంటుంది."

నా చేతిలో సూది ఆగిపోయింది.

"నాకు అర్థమైపోయిందండీ. మాస్టారికీ అర్థమైంది. కానీ ఎలా చెప్తాం? డబ్బిచ్చేది ఆయన. పెళ్ళిచూపులకెళ్ళి మామగారికి చెముడని చెప్పినట్టుంటుంది కదా. వద్దని సైగ చేద్దామనుకున్నాను. గది నిలబెట్టుకోవాలి కదా ముందు. ఈలోగా మాస్టారు లేచి వెళ్ళి ఆ సబ్బు చేతిలోకి తీసుకున్నాడు."

"తీసుకుని?" అన్నాను.

"'అయ్యా, వాసన ఉందండీ. నేను చెప్తాను, వినండి' అన్నాడు. మనింట్లో చెప్పినట్టే చెప్పాడు. ముందు నిమ్మతొక్క, అరచేతి వేడి తగిలాక గులాబీ, అన్నిటికీ అడుగున చందనం అని. పెద్దాయన మొహం పాలిపోయింది. 'ఆ అడుగు చందనం నేను పెట్టిన పాళ్ళే' అన్నాడు. 'ఒక్క చుక్క మార్చలేదు నాన్నా, ఎన్నిసార్లు చెప్పాను' అంది ఆ అమ్మాయి. కాసేపటికి ఆయనే, 'అయితే పోయింది నా ముక్కా?' అన్నాడు. 'అవునండీ. మీ తప్పు కాదు, ఇలాగే పోతుంది. అందరూ ఇలాగే ఎదుటివాళ్ళని అనుకుంటారు' అన్నాడు మాస్టారు."

మా ఆవిడ ఆగి మంచినీళ్ళు తాగింది. నాకు ఉండబట్టలేదు. "గ్రాంటు సంగతేమైందే తల్లీ?"

"మీ గది తాళం ఎవరికీ ఇవ్వకండి, కాగితాలు అమ్మాయి పంపుతుంది అన్నాడు. మాస్టారు చేయించే అభ్యాసంలో మొదటి మనిషిగా తన పేరే రాసుకోమన్నాడు." ఆ మాటంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ మొహం చూడడానికి ఎన్ని ప్యాంట్లయినా తగలేసుకోవచ్చు.

కిటికీ దగ్గర్నుంచి అమ్మ గొంతు వినపడింది. "ఆ పెద్దాయన... కూతురితో ఏమన్నాడు?"

నన్ను అడిగిందనుకుని నేను మా ఆవిడ వైపు తిరిగాను. కానీ అమ్మ చూస్తున్నది నన్ను కాదు.

మా ఆవిడ కూడా ఒక్క క్షణం తడబడింది. "ఏమీ అనలేదత్తయ్యా. సబ్బు ఆ పిల్ల చేతిలో పెట్టి, 'రోజూ పొద్దున్నే నువ్వు చూసి నాకు చెప్పమ్మా' అన్నాడు."

అమ్మ చాలాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది. తర్వాత గోడ పట్టుకుని లేచి, లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. మూత తనే తీసి, డబ్బా కోడలి ఒళ్ళో పెట్టింది. నాన్న పోయాక ఆ డబ్బా మా ఆవిడ చేతికి రావడం అదే మొదటిసారి.

"నువ్వు చూడు. ఉందా?"

మా ఆవిడ స్వెట్టరులో మొహం పెట్టింది. వెంటనే ఎత్తలేకపోయింది. భుజాలు కదులుతున్నాయి. అమ్మ ఆ తల మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఉందత్తయ్యా. మామయ్య వాసన అలాగే ఉంది."

"అయితే సరే" అంది అమ్మ. కోడలి పక్కనే కూర్చుని, "రేపు కూడా చూసి చెప్పు. ఆ మాస్టారితో నా పేరు కూడా రాసుకోమను" అంది.