ఆఖరి పాటలో నా పేరు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధానికి నాకు కృతజ్ఞతలు అందుతున్నాయి. తిట్లు అందినా ఈపాటికి అలవాటు పడేవాడినేమో. కృతజ్ఞతలకు అలవాటు పడలేకపోయాను. నా భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మేం అమెరికాలో ఈ మోరిస్‌విల్ వచ్చిన మొదటి ఏడాది, ఏడో నెలలో మా బిడ్డ కడుపులోనే పోయింది. మా ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే, మూడో రోజు నేను ఆఫీసుకి వెళ్ళాను. వీసా కొత్త, ఉద్యోగం కొత్త, తప్పదనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి మంచం పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని, మాటలు లేకుండా ఏదో రాగం తీస్తోంది. మూడు రోజులుగా కన్నీళ్ళు రాని మనిషి ఏడుస్తోంది. పెద్దావిడ పేరు డెలోరిస్. సోల్ పాటలు పాడుతుంది. ప్రార్థనలా మొదలై సొంత గోడులోకి దిగే పాటలు. వారానికోసారి ఆసుపత్రిలో రోగుల కోసం ఊరికే పాడి వెళ్తుందట.

ఆవిడకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక మ్యూజిక్ కంపెనీ తన పాటలు రికార్డు చేసి, బయటికి వదలకుండా మూలన పడేసింది. గొంతు తనది, హక్కు తనది కాదు. ఆ తర్వాత స్కూల్ బస్సు నడిపింది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి మౌనంగా ఉండి, మళ్ళీ మొదటినుంచి పాడటం నేర్చుకుంది. తన సీడీలు తనే కారు డిక్కీలో పెట్టుకుని అమ్ముకుంది కానీ, పాటను మళ్ళీ ఎవరి చేతిలోనూ పెట్టలేదు. శనివారాలు చర్చి హాల్లో వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టి, వాళ్ళు తింటుంటే పాడేది. ఆసుపత్రి తర్వాత నేను ఆ హాలుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మైకులు చూసుకునేవాడిని. కాలేజీ రోజుల్లో నేర్చుకున్న పని అది.

ఆరేళ్ళ తర్వాత, అరవై ఒకటో ఏట, ఆవిడ ఒక ఆల్బమ్ చేసింది. ఆ హాల్లోనే రికార్డు చేశాను. ఊరికే చేశాను. పాటలను మ్యూజిక్ యాప్‌లలోకి ఎక్కించే కంపెనీలో అకౌంట్ కూడా నేనే తెరిచాను. “పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచు హనీ, నేను మర్చిపోతాను” అంది. ఆఖరి పాట చివర, వాయిద్యాలు ఆగకముందే, నా పూర్తి పేరు పలికి థాంక్స్ చెప్పింది. తప్పు పలకకూడదని నెల రోజులు ఇంట్లో సాధన చేసిందట.

ఆ డిసెంబర్‌లో వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళాలి. సన్నీవేల్‌లో ఉండే మిత్రుడు ఫోన్ చేశాడు.

“రేయ్, నెట్‌లో నీ పేరు కొడితే ఏమొస్తుందో చూసుకున్నావా? ఆ ఆల్బమ్ కింద రికార్డింగ్ ఇంజనీర్ అంట. హెచ్ వన్ వీసా మీద సైడ్ బిజినెస్సా నాయనా? వేరే పని చేయకూడదని తెలీదా?”

“ఫ్రీగా చేశాన్రా.”

“ఆ మాట వీసా ఆఫీసర్‌కి చెప్పు, పాట పెట్టుకుని వింటాడు. మా టీమ్‌లో ఒకణ్ణి అక్కడే ఆపేశారు. కారేమో ఇక్కడ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో, వాడేమో అక్కడ అత్తగారింట్లో. అయినా ఆ నల్లోళ్ళ చర్చిలో వైర్లు చుట్టడమేంట్రా నీకు? మనోళ్ళ ఫంక్షన్‌కి రమ్మంటే టైమ్ లేదంటావు.”

నేను నవ్వాను. ఆ నవ్వు గురించి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు పార్కింగ్‌లో, కార్లో కూర్చుని, యాప్‌లలోంచి ఆల్బమ్ మొత్తం తీసేశాను. మూడు వారాలే కదా, తిరిగొచ్చి పెట్టేయొచ్చు.

నా పేరొక్కటే తీయొచ్చు కదా? తీయాలంటే ఆవిడను అడగాలి. అడిగితే ఎందుకంటుంది. నీ పక్కన నా పేరుండటం నాకు ప్రమాదమని ఆవిడ మొహం చూసి చెప్పాలి. అంతకన్నా ఆవిడ పాటలన్నీ మాయం చేయడమే నాకు తేలికైంది. ఎలా తేలికైందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

హైదరాబాద్‌లో ఆఫీసర్ రెండు ప్రశ్నలడిగి వీసా ఇచ్చేశాడు. నా పేరు ఎవరూ వెతకలేదు.

ఆ మూడు వారాల్లోనే యూరప్‌లో ఒక సంగీతోత్సవం వాళ్ళు ఆవిడను పిలుద్దామనుకుని, అందరూ కలిసి విందామని కూర్చున్నారట. పాటలు కనిపించలేదు. ఆవిడకు రాశారు. ఆవిడ హైదరాబాద్‌లో ఉన్న నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ ఫోన్ చేతిలో పట్టుకుని, మోగడం ఆగేదాకా చూశాను. వాళ్ళు ఇంకొకరిని పిలుచుకున్నారు. దేశం దాటి పాడటానికి ఆవిడకు వచ్చిన మొదటి పిలుపు అది. రెండోది రాలేదు.

తిరిగొచ్చి, అప్‌లోడ్ చేసిన కంపెనీ పొరపాటని చెప్పాను. ఆల్బమ్ మళ్ళీ పెట్టాను. అదివరకు విన్నవాళ్ళ సంఖ్య, వాళ్ళు రాసిన మాటలు అన్నీ పోయి సున్నా నుంచి మొదలైంది.

“కంపెనీలు అంతే హనీ,” అంది. “ఈసారి నువ్వున్నావు కాబట్టి పాటలైనా తిరిగొచ్చాయి.”

గ్రీన్ కార్డ్ పోయినేడు వచ్చింది. ఇప్పుడు దేనికి భయం? అయినా చెప్పలేదు. అంటే నేను కాపాడుకున్నది వీసాను మాత్రమే కాదు.

డెలోరిస్‌కి ఇప్పుడు డెబ్బై. స్ట్రోక్ వచ్చాక గొంతు పోయింది, ఒక్కో మాటా కూడబలుక్కుని చెబుతుంది. శనివారాలు మాత్రం మానలేదు. కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో బ్రెడ్డు వడ్డిస్తుంది. కొత్తగా సాయానికి వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, ఆగి ఆగి చెబుతుంది: “కంపెనీ... నా పాటలు మింగేస్తే... ఇతనే బయటికి లాగాడు.” నేను తల దించుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. తర్వాత స్పీకర్లలో ఆల్బమ్ పెడతారు. ఆఖరి పాట చివర నా పేరు వినిపిస్తుంది, ఒక్క అక్షరం తప్పకుండా.

ఆవిడ చదవలేని భాషలో ఇది రాస్తున్నాను. ఇదీ పిరికితనమేనని తెలుసు. వచ్చే శనివారం చెబుతానని మీకు మాటివ్వను, ఆ మాట నాకు నేను చాలాసార్లు ఇచ్చుకున్నాను. కానీ తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఈ వాక్యం ఉన్నదున్నట్టు రాయాలి.

ఆల్బమ్ పోలేదు. నేను తీసేశాను.