పెదవులు మూశాక వినిపించిన గొంతు

ఆమె స్టేజీ మీద ఉత్తుత్తిగా పెదవులాడించిందని ఇప్పటికీ అంటారు. అబద్ధం. ఆ సాయంత్రం సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్నది నేనే.

మియాపూర్‌లో ఒక చర్చిలో పాడుతూ ఎదిగిన అమ్మాయి. పగలు కాల్ సెంటర్‌లో పనిచేసి, సాయంత్రాలు పబ్బుల్లో ఫంక్, సోల్ అనే రకం ఇంగ్లీషు పాటలు పాడేది. బేస్ గిటార్ వెనకనుంచి తోస్తుంటే గొంతు తెగిపోతుందేమోనన్నంత దూరం వెళ్లి తిరిగి వచ్చేది. వినేవాళ్లు ఊగిపోయేవారు. నాకు మాత్రం ప్రతిసారీ గుండె దడే.

తర్వాత కంపెనీల వార్షికోత్సవాలకు పిలవసాగారు. అక్కడొక పద్ధతి ఉంది. పెద్దల ముందు పాట ఆగకూడదని, గాయని గొంతు ముందే రికార్డు చేసి పెట్టుకోమంటారు. ఆమె ససేమిరా అంది. రిహార్సల్లో పాడింది ఆమెకు తెలియకుండా నేను రికార్డు చేసి దాచుకున్నాను.

అలాంటి ఒక వార్షికోత్సవం రోజున ఆమె గొంతు పొద్దుటి నుంచీ గరగరలాడుతోంది.

"ఏందన్నా, గట్ల చెమటలు పడుతున్నయ్? పాడేది నువ్వా, నేనా?" అని నవ్వి స్టేజీ ఎక్కింది.

చివరి పాటలో, పైకెత్తి నిలపాల్సిన చోట గొంతు జీరబోయింది. మిక్సర్ మీద మీట జరిపి, రికార్డు చేసి దాచిన గొంతును పైకి తోశాను. సరిగ్గా అప్పుడే ఆమె ఆగింది. పెదవులు మూసి ఉన్నాయి, స్పీకర్లలో పాట సాగుతోంది. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఫోన్లు లేచాయి.

ఆ వీడియో ఆఫీసులన్నీ తిరిగింది. ఆమెను పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

"నువ్వన్న చెప్పన్నా, నాకు తెల్వదని" అంది.

నా పని పోతుందన్న భయంతో చెప్పలేదు.

మొన్న పుప్పాలగూడలో ఒక చిన్న హాల్లో మళ్లీ పాడే అవకాశం వచ్చింది. నాకే ఫోన్ చేసింది.

"నన్నెందుకమ్మా?"

"నా గొంతు నీకెరికే గద. కాని ముందు మైకు పట్టి జరిగింది చెప్పాలె. ఇగ ఆ పాటొచ్చినప్పుడు చేతులు జేబుల పెట్టుకో. పగిలితే పగలనియ్."

చెప్పాను. మైకు ఆమె చేతికిచ్చి మిక్సర్ వెనక్కి వచ్చాను.

ఆ పాట వచ్చింది. అదే చోట గొంతు జీరబోయింది. జేబుల్లో నా పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఆమె ఆగింది. బేస్ గిటార్ అక్కడక్కడే తిరుగుతూ ఆమె కోసం కాచుకుంది. ఆమె కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఆ స్వరాన్ని ఇంకా పైనుంచి అందుకుంది.

ఆ సాయంత్రమూ ఆమె చేయబోయింది ఇదే.